చెయ్యెత్తేదాకా

ఎమిల్ వాళ్ళ ముందుగదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఎవరేం మాట్లాడినా గోడకు చెప్పుకున్నట్టే. ఇటుకల ఫైర్‌ప్లేస్‌లో దూర్చిన ఇనప పొయ్యి, దాని అడుగున ఈ బ్లోయర్ ఫ్యాన్. కట్టెల వేడిని గదిలోకి తోసేది అదే. అది ఆగిందంటే వేడంతా పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది, మంచం మీద ఉన్నవాడు దుప్పట్లో వణుకుతాడు.

ఒకప్పుడు ఆ ఫ్యాన్‌కి రెగ్యులేటర్ ఉండేది. అది కాలిపోయినప్పుడు ఎమిల్ రెండు తీగలూ నేరుగా కలిపి మెలిపెట్టి, "వచ్చే చలికాలం లోపల కొత్తది పెడతా" అన్నాడు. ఆ మాట అన్నాక ఎన్ని చలికాలాలు వచ్చి పోయాయో నేను లెక్కపెట్టలేదు, వాడి పెళ్ళాం డోరీన్ మాత్రం పెట్టే ఉంటుంది. రంపాల మిల్లులో చెవులు పోగొట్టుకున్నవాడికి ఫ్యాన్ రొద ఒక లెక్కా? నాకూ అంతే. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి ఇష్టమైతే వింటుంది.

మిల్లులో వాడు పెద్ద రంపం దగ్గర, నేను దుంగను రంపం మీదికి మోసుకెళ్ళే బండి మీద. ఆ హోరులో గొంతు ఎవడికి కావాలి? అంతా వేళ్ళతోనే, పెదాలతోనే. దుంగ ఎంత మందం కోయాలో, ఫోర్‌మన్ ఎటునుంచి వస్తున్నాడో, ఎవడి డబ్బాలో ఏం కూరుందో, అన్నీ చేతులే చెప్పేవి. అన్నింటిలోకీ ఒక సైగ వేరు. రంపం ముందున్న పట్టాలు దాటాల్సి వస్తే ముందు ఎమిల్ వైపు చూడాలి. వాడు రెండు వేళ్ళు తన కళ్ళకి ఆనించి, అరచెయ్యి మన వైపు చాచుతాడు. నిన్ను చూస్తున్నాను, దాటు, అని దానర్థం. అవతలివాడు జవాబుగా చెయ్యెత్తాలి. ఎత్తేదాకా వాడు చాచిన చెయ్యి దించడు, రంపం మీట ముట్టుకోడు. ఆ నియమం ఎందుకు పుట్టిందో మా మిల్లులో అందరికీ తెలుసు, ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు.

అలాంటివాడికి గొంతులో కాన్సర్ వచ్చింది. పెద్దాసుపత్రిలో చెయ్యగలిగిందంతా చేసి, గొంతు పోను మిగిలిన గాలిని ఇంటికి పంపించారు. ఆసుపత్రి మంచం పడకగది తలుపులో పట్టలేదు. అందుకని ముందుగదిలో, పొయ్యికి ఎదురుగా వేశారు. నేను రోజూ మధ్యాహ్నం వెళ్ళి మంచానికి అవతలి పక్క కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. వాడూ నేనూ కబుర్లు బాగానే చెప్పుకునేవాళ్ళం. వాడి పెదాలు, నా కళ్ళు. వాడి వేళ్ళు, నా వేళ్ళు. హాకీలో ఎవరు ఓడారో, ఎవరి గొడ్డలి ఎవరింట్లో ఉండిపోయిందో, అన్నీ అయ్యేవి.

డోరీన్ మంచానికి ఇవతల నిలబడి చూసేది.

"ఏమంటున్నాడు?"

"దిండు కాస్త పైకి జరపమంటున్నాడు."

ఆమె దిండు జరిపేది. వాడి పెదాలు మళ్ళీ కదిలేవి.

"ఇప్పుడేమన్నాడు?"

"చాలట. ఇంకా జరిపితే నేల మీద పడతాడట."

నేను నవ్వాను, ఎమిల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నన్ను వంటింట్లోకి పిలిచి టీ కప్పు నా ముందు ఠక్కున పెట్టింది.

"నా మొగుడి దిండు సంగతి నాకు నువ్వు చెప్పాలా, ఓరెస్ట్?"

"నేనేం చేశాను తల్లీ, నువ్వు అడిగితేనేగా చెప్పాను."

"అదే. నేను అడగాలి, నువ్వు చెప్పాలి. మా పెళ్ళికి పిలిచిన పాపానికి ఇంకా మధ్యలోనే కూర్చున్నావు."

పలక కొనిచ్చిందట. వాడి వేళ్ళు సుద్దముక్క పట్టలేకపోయాయి. నోటి దగ్గర చెవి పెట్టిందట. ఫ్యాన్ రొదలో గాలి తప్ప మాట దొరకలేదు. ఫ్యాన్ ఆపి చూసిందట. ఆపిన కాసేపటికే గది చల్లబడి వాడికి దగ్గు పట్టుకుంది, దగ్గుతో పాటు నెత్తురు పడింది. మళ్ళీ పెట్టేసింది. సైగలు నేర్చుకుందామంటే ఆ దారి ఎప్పుడో తనే మూసేసింది. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో భోజనాల బల్ల దగ్గర వాడు చేతులు తిప్పితే, "ఇది మిల్లు కాదు, నోరుంది కదా" అని ప్లేటు వెనక్కి లాగేసేది. వాడు బుద్ధిగా నోటితో మాట్లాడటం మొదలుపెట్టాడు, ఇంట్లో ఒక్క సైగ కూడా చెయ్యకుండా నలభై ఏళ్ళు గడిపాడు.

"నేను విందామనుకుంటున్నది అతని గొంతు, నీ గొంతు కాదు" అంది. "గొంతు కాకపోతే, ఆ మిగిలిందేదో. అది కూడా పోయేలోపల."

ఆమెకి కావలసింది ఇంతే. దీనికి మించి ఆమె దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదని నాకు తెలుసు. నేనైతే అంతకంటే ఎక్కువే అడిగాను.

అప్పుడు సొరుగులోంచి ఒక పెట్టె తీసి చూపించింది. తనే వెళ్ళి రెగ్యులేటర్ కొనుక్కొచ్చింది. నేను అద్దాలు పెట్టుకుని చూశాను.

"ఇది దీపాలకి పెట్టేది డోరీన్. దీన్ని మోటారుకి తగిలిస్తే అది మూలిగి మూలిగి మాడిపోతుంది."

"కొట్టువాడు ఏదైనా ఒకటే అన్నాడే."

"వాడికి ఒకటే. అమ్మేశాక వాడింట్లో మాడదు కదా."

"అయితే సరైనది నువ్వే తీసుకురా. కూర్చుని టీ తాగడానికి నువ్వేమీ చుట్టానివి కాదు."

మర్నాడు పొద్దున్నే మంచులో ట్రక్కు తీసుకుని పక్కూళ్ళో పొయ్యిలమ్మే కొట్టుకి పోయి, ఫ్యాన్ మోటార్లకి వాడే రెగ్యులేటర్, దానికో రేకుపెట్టె తెచ్చాను. నేలమాళిగలోకి దిగి ఆ గదికి కరెంటు ఆపేశాను. పైకి వచ్చేసరికి ఫ్యాన్ నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది.

గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూశాననే చెప్పాలి, విన్నానని చెప్పలేను. డోరీన్ భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. ఎమిల్ మీద మరో రెండు దుప్పట్లు కప్పి, ఉన్ని టోపీ పెట్టి, చెంపల దాకా లాగింది. వాడు ఆ టోపీలోంచి నా వైపు చూస్తూ దుప్పటి అంచున వేళ్ళు ఆడించాడు. తొందరగా కానీ, ముసలి బాతూ, అని.

పొయ్యి కింది జాలీ ఊడదీశాను. బూడిద, చచ్చిన కందిరీగలు, ఎమిల్ వేసిన మెలిక. దాని మీద చుట్టిన టేపు కరిగి బంకలా అంటుకుపోయింది. డోరీన్ టార్చి పట్టుకుని నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పని పెద్దదేమీ కాదు. కరెంటు తెచ్చే నల్ల తీగని మధ్యలో తెంపి, ఒక కొస రెగ్యులేటర్‌కి ఒక పక్కన, ఫ్యాన్ వైపు కొస రెండో పక్కన. తెల్ల తీగ జోలికి పోకూడదు. ఒట్టి రాగి తీగ రేకుపెట్టెకి. కానీ రంపం దగ్గర నిలబడ్డవాడికి ఆజ్ఞలివ్వకుండా ఉండటం చేతకాదు. నేను తలెత్తినప్పుడల్లా వాడి వేలు గాల్లో ఉండేది. అది కాదు, నల్లది. పెట్టె అంత దగ్గర వద్దు, వేడికి పోతుంది. ఇంకా పక్కకి.

ఆ మధ్యలో టార్చి వెలుతురు పక్కకి జారిపోయింది. చూస్తే డోరీన్ మంచం వైపు తిరిగి ఉంది. ఎమిల్ పెదాలు కదులుతున్నాయి. ఆమె మొహం చూసి నేను పటకారు కింద పెట్టేశాను.

"ఏమన్నాడు?" అని ఈసారి నేను అడిగాను. వాడి మొహం టోపీలో, దుప్పట్లో మునిగిపోయి ఉంది. నాకు పెదాలు సరిగ్గా ఆనలేదు, ఇక గుసగుస నా చెవుల పాలిట లేనట్టే.

"నీకెందుకు" అంది డోరీన్. ఆమె కళ్ళు నిండిపోయి ఉన్నాయి. "నాతో అన్నాడు."

నాకు కొంచెం కడుపు మండింది. మండనివ్వు, అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఇది ఆమె వంతు.

ఆ తర్వాత పని ముందుకి సాగలేదు. టార్చి ఇటు పట్టమంటే అటు పట్టింది. తీగల కొసల మీది ప్లాస్టిక్ మూత బిగించమంటే బిగించి, మళ్ళీ వదులుగా ఉందని విప్పింది. రెండోసారి విప్పినప్పుడు నాకు అర్థమైంది. ఆమె మంచం వైపు చెవి పెట్టి, చేతులతో ఊరికే కాలక్షేపం చేస్తోంది. నేనూ పటకారు నెమ్మదిగానే ఆడించాను. కానీ కిటికీ అద్దం మీద లోపలి వైపు తెల్లగా మంచు పట్టడం మొదలైంది, ఎమిల్ దుప్పటి కింద చిన్నగా ఎగిరాడు. మొదటి దగ్గు. డోరీన్ నా చేతిలోంచి ఆ మూత లాక్కుని ఒక్క తిప్పుతో బిగించేసింది.

కరెంటు పెట్టి వచ్చి ఆమె వేళ్ళు రెగ్యులేటర్ మీట మీద పెట్టించాను.

"చూడు, ఇది రేడియోలాంటిది కాదు. ఆగిన చోటు నుంచి ఇలా టక్కుమనిపించగానే మొదట గట్టిగా తిరుగుతుంది. ఇంకా అదే పక్కకి తిప్పుతూ పోతే నెమ్మదిస్తుంది."

"ఇదేం తిరకాసు? ఎక్కువ తిప్పితే తక్కువా?"

"మోటారు నిద్రలేవాలంటే ముందు గట్టిగా తన్నాలి. లేచాక నెమ్మదిగా నడుస్తుంది."

"ఎమిల్ లాగే" అంది.

మీట పక్కనున్న చిన్న మరని తిప్పి, అన్నింటికంటే తక్కువ ఎంతో సరిచూశాను. మరీ తక్కువైతే ఫ్యాన్ ఆగిపోయి మోటారు మాడుతుంది. వేడి మెల్లగా గదిలోకి పాకింది. నా కుడి చెవికి ఏమీ వినిపించలేదు. డోరీన్ మంచం మీద కూర్చుని, ఎమిల్ మొహం మీదికి వంగి, తల ఊపుతూ వింటోంది. నేను పనిముట్లు సర్దుకుని చెప్పకుండా వచ్చేశాను.

ఆ తర్వాత కొద్ది రోజులు ఆ ఇంట్లో ఏదో చిన్న పండగలా గడిచింది. అవును, పండగే, చావు మంచం పక్కనే ఉన్నా. నేను వెళితే డోరీన్ గుమ్మంలోనే మొదలుపెట్టేది.

"నువ్వు పేకాటలో అన్నేళ్ళూ మోసం చేశావట."

"వాడు చెప్పాడా? వాడికి ఆడటం రాదు."

"టీలో పంచదార ఎక్కువేస్తానట నేను. పెళ్ళైన నాటి నుంచి ఎక్కువేస్తున్నానట. ఇవాళ చెప్పాడు."

ఆమె ఆ మాట చెబుతూ నవ్వింది, నవ్వుతూనే ఆప్రాన్ అంచు కళ్ళకి అద్దుకుంది. నేను లోపలికి వెళితే ఎమిల్ నాకు చేతులతో చెప్పేవాడు. ఈవిడ ఒక్క క్షణం వదలట్లేదురా, చెవి నా నోట్లో పెట్టింది. చెబుతున్నప్పుడు వాడి మొహంలో ఉన్నది ఫిర్యాదు కాదు.

పోగు సన్నబడినట్టు వాడి ఊపిరి సన్నబడుతూ వచ్చింది. నర్సు వచ్చి చూసి, వంటింట్లో డోరీన్ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పి వెళ్ళింది. ఆ రోజు మధ్యాహ్నం బయట ఎండ మంచు మీద పడి కళ్ళు చెదిరిపోతున్నాయి. ఎమిల్ చాలాసేపు కళ్ళు మూసుకుని ఉన్నాడు. పొయ్యిలో కట్టెలు అడుగంటాయి. డోరీన్ లేచి, పొయ్యి తలుపు తీసేముందు అలవాటుగా ఫ్యాన్ ఆపింది, లేకపోతే బూడిద గదంతా చిమ్ముతుంది. రెండు బర్చ్ కట్టెలు పెట్టింది, తలుపు మూసింది, వంగి మీట టక్కుమనిపించింది. ఫ్యాన్ ఒక్కసారిగా హోరెత్తి ఉంటుంది.

సరిగ్గా అప్పుడు ఎమిల్ కళ్ళు తెరిచాడు.

వాడు చూసింది నన్ను కాదు. పొయ్యి ముందు వంగి ఉన్న ఆమె వీపుని చూశాడు. పెదాలు కదిలాయి. డోరీన్ అని. ఆమె మంచం చప్పుడు పసిగట్టిందో ఏమో, "ఉండు, ఉండు, వస్తున్నా" అన్నట్టు తలూపి ఫ్యాన్ తగ్గించబోయింది. తొందరలో చెయ్యి తన పాత అలవాటునే నమ్ముకుంది. కుళాయి, రేడియో, గ్యాస్ పొయ్యి, అన్నీ తగ్గాలంటే వెనక్కి తిప్పేదే కదా. వెనక్కి తిప్పింది. ఆగిపోయింది. ముందుకి తిప్పింది. హోరు. మళ్ళీ వెనక్కి.

నేను లేవబోయాను. ఈలోగా ఎమిల్ దుప్పట్లోంచి చెయ్యి పైకి తీశాడు. ఆ చెయ్యి ఎలా లేచిందో నాకు తెలియదు, అంతకుముందు రోజు వాడు చెంచా కూడా ఎత్తలేకపోయాడు. రెండు వేళ్ళు కళ్ళకి ఆనించాడు. అరచెయ్యి ఆమె వైపు చాచాడు.

ఆమె అటు తిరిగే ఉంది. మీటతో కొట్టుకుంటోంది.

వాడు చెయ్యి దించలేదు. జవాబు రానిదే దించడు, నాకు తెలుసు. మణికట్టు వణుకుతోంది, మోచెయ్యి వణుకుతోంది. "డోరీన్" అని అరిచాను. ఆ హోరులో ఆమె వినలేదు. వాడి చెయ్యి ఇంకా అలాగే ఉంది. చూడలేక, నేను చెయ్యెత్తాను.

వాడి కళ్ళు నా వైపు తిరిగాయి. ఒక్క క్షణం చూశాడు. చెయ్యి దుప్పటి మీదికి దిగిపోయింది.

డోరీన్ ఎలాగో ఫ్యాన్ తగ్గించి ఇటు తిరిగేసరికి నా చెయ్యి ఇంకా పైనే ఉంది. వచ్చి మంచం మీదికి వంగింది. "ఇదిగో వచ్చా. ఏమిటి? చెప్పు" అంది. చెవి వాడి నోటి దగ్గర పెట్టి అలాగే ఉండిపోయింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. తెల్లవారేలోగా పోయాడు.

అంత్యక్రియలయ్యాక చర్చి హాలుకి అందరూ వచ్చారు, గుడ్డు సాండ్‌విచ్‌లు తిన్నారు, మిల్లు మూతపడ్డ సంగతి మాట్లాడుకున్నారు. డోరీన్ నన్ను ఏమీ అడగలేదు.  ఆసుపత్రి వాళ్ళు మంచం తీసుకుపోయారు.

మార్చిలో, మంచు ఇంకా కరగకముందే, ఒకరోజు ఆమె ఇంటి పొగగొట్టంలోంచి పొగ రాకపోవడం చూసి వెళ్ళాను. ముందుగదిలో కోటు వేసుకుని కూర్చుని ఉంది. పొయ్యి చల్లగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు కూడా పోదామనుకుంటున్నావా? అంత కష్టపడి ఆ రెగ్యులేటర్ పెట్టింది అలంకారానికా?"

ఆమె కోటు ఇంకా దగ్గరికి లాక్కుంది. నేను విసుక్కుంటూ కట్టెలు పేర్చి అంటించాను. ఇనుము వేడెక్కేదాకా అక్కడే ఉన్నాను.

"నువ్వు చూశావు కదా" అంది ఉన్నట్టుండి.

"చూశాను."

"నోటితో చెప్పకు. నీ నోటి నుంచి వినడం ఇక నావల్ల కాదు." లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి మీట టక్కుమనిపించింది. తగ్గించలేదు. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఏం చేశాడో చెయ్యి."

ఆ హోరులో నేను రెండు వేళ్ళు కళ్ళకి ఆనించాను. అరచెయ్యి ఆమె వైపు చాచాను. వాడిలాగే దించకుండా ఉంచాను.

ఆమె తన వేళ్ళు కళ్ళ దాకా తీసుకెళ్ళి చూసుకుంది. అర్థం అడగలేదు. దానికి నా అవసరం లేదు. పెదాలు కదిపింది, నేను చదువుకున్నాను. దీనికి జవాబేమిటి, అని.

నేను చెయ్యెత్తి చూపించాను.

ఆమె మొహంలో రంగు మారింది. ఆ రోజు నా చెయ్యి పైన ఉండగా ఆమె ఇటు తిరగడం నాకు గుర్తొచ్చింది. అప్పుడు ఆమెకి అది ఏమిటో తెలియదు.

"నువ్విచ్చావా?"

"వాడు దించట్లేదు డోరీన్. చెయ్యి వణికిపోతోంది."

"అదీ నువ్వే" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను బాగుండేవాణ్ణి. కిటికీ పక్కన మంచం ఉండే చోట నేల మీద చక్రాల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆమె లేచి పొయ్యి ముందుకి వెళ్ళింది, ఆ రోజు తను వంగి ఉన్న చోటికే. వెనక్కి తిరిగి ఆ గుర్తుల వైపు చూసింది. కోటు చేతి మడత జారి మోచేతి దాకా వచ్చేలా చెయ్యి పైకెత్తింది. చాలాసేపు ఎత్తే ఉంచింది. నేను తల వంచుకున్నాను, ఎందుకంటే అది నేను చూడాల్సింది కాదు.

తర్వాత వంగి మీటని ముందుకి తిప్పింది, ముందుకే, నెమ్మదిగా, చివరిదాకా. హోరు అణిగింది. నాకేమీ వినిపించలేదు. ఆమె మాత్రం తల కాస్త పక్కకి వంచి, అక్కడే నిలబడింది.